160 ఎకరాలా, 960 ఎకరాలా: ఏది మేలు?

మన దగ్గర సీలింగ్ అంటే భూమికే. 1973 చట్టం కుటుంబానికి మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు అని గీత గీసింది. అమెరికా పడమటి రాష్ట్రాల్లో దారి వేరు. ఎంత భూమి కొన్నా అడిగేవాడు లేడు. కేంద్రం కట్టిన డ్యాము నీళ్లు కావాలంటే మాత్రం ఎకరాల లెక్క చెప్పాలి. ఆ లెక్క 1902లో ఒక రకం, 1982లో ఇంకో రకం.

1902 చట్టం సూటిగా మాట్లాడింది. ఒక ఆసామికి 160 ఎకరాల వరకే నీళ్లు. ఆ ఆసామి పొలంలోనో, చుట్టుపక్కలో కాపురం ఉండాలి. ప్రాజెక్టు ఖర్చులో రైతు వాటాకు వడ్డీ లేదు, అసలు కడితే చాలు. అంత చవక నీళ్లు పట్నంలో కూర్చునే దొరకి ఎందుకివ్వాలన్నది దాని వాదన. నాకు నచ్చిందీ అదే.

చిక్కు ఆచరణలో వచ్చింది. కాపురం షరతును పట్టించుకోవడం మానేశారు. కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ వ్యాలీకి ఎకరాల హద్దు వర్తించదని 1933లో ఇంటీరియర్ శాఖ (అక్కడ కేంద్రం భూములు, నీళ్లు చూసే శాఖ) మంత్రి ఒక్క ఉత్తరంతో తేల్చేశారు. బ్రాలీ ఊళ్లో వైద్యం చేసుకునే బెన్ యెల్లెన్ అనే డాక్టరు ఆ హద్దు కోసం ఏళ్ల తరబడి పోరాడారు. 1980లో సుప్రీంకోర్టు, 1929 నాటికే సాగులో ఉన్న అక్కడి భూములకు హద్దు లేదని తీర్పిచ్చింది.

అంతకన్నా పెద్ద కన్నం కౌలు. పాత లెక్క సొంత భూమికే. 2,000 ఎకరాలు చేసే దంపతులు తమ పేర తలా 160 చొప్పున 320 ఉంచుకుని, తక్కిన 1,680 హద్దులోపు ఆసాముల దగ్గర కౌలుకు తీసుకుంటే మొత్తానికీ చవక నీళ్లే.

1982 చట్టం హద్దును 960కి పెంచింది, కాపురం షరతు తీసేసింది. పెద్ద రైతులకు పండగే అనిపిస్తుంది. కానీ కౌలునూ లెక్కలోకి తెచ్చింది. ఈ కొత్త లెక్కలో భార్యాభర్తలు కలిపి ఒకే ఆసామి, కాబట్టి అదే దంపతులకు 960 ఎకరాలకు చవక నీళ్లు, పైన కౌలుకు చేసే 1,040కి వడ్డీతో సహా పూర్తి ఖర్చు.

కన్నం పూడ్చిన పని 1982దే, కాబట్టి రెంటిలో నా ఓటు దానికే. కాపురం షరతు కూడా ఉంచి ఉంటే ఇంకా బాగుండేది. అది లేకపోయేసరికి ట్రస్టులు, మేనేజ్‌మెంట్ ఒప్పందాల పేరుతో ఒకే పొలాన్ని కాగితాల మీద ముక్కలు చేసే దారి తెరుచుకుంది. మన సీలింగ్ డిక్లరేషన్లు చూసినవాళ్లకు ఈ విద్య కొత్త కాదు.

2016లో వచ్చిన ఇంకో చట్టంతో, ప్రాజెక్టు బాకీ ముందే తీర్చేసిన వాటర్ డిస్ట్రిక్టులకు (రైతులకు నీళ్లు పంచే స్థానిక సంస్థలకు) ఎకరాల హద్దే ఉండదు.