రంగుల ఆటా, వాస్తవిక చిత్రణ ఉన్న ఆటా: ఏది మేలు?

బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) అన్న ఫోను తుపాకీ ఆట ఆడేవారికి గ్రాఫిక్స్ సెట్టింగ్స్ పేజీ కొత్త కాదు. అందులో ‘స్టైల్’ అన్న వరుసలో క్లాసిక్, కలర్‌ఫుల్, రియలిస్టిక్, సాఫ్ట్, మూవీ అన్న గడులు ఉంటాయి. తిరుపతి బస్టాండు బెంచీల మీదనో, యూనివర్సిటీ హాస్టల్ వరండాలోనో ఫోను మీదికి వంగి కూర్చున్న కుర్రవాళ్ళను ఏది పెట్టుకోవాలని అడిగితే తరచుగా వినవచ్చే సమాధానం ‘స్మూత్ పెట్టు, కలర్‌ఫుల్ పెట్టు’ అన్నదే. స్మూత్ అంటే వివరాలు తగ్గించి ఆటను తేలిగ్గా నడిపే గ్రాఫిక్స్ స్థాయి. చిత్రకారులు ఎంతో శ్రమపడి తీర్చిదిద్దిన గడ్డినీ, గోడల మీది నీడలనూ, తుప్పు పట్టిన రేకులనూ పక్కన పెట్టి మరీ ఆటగాడు రంగును కోరుకుంటున్నాడంటే, అది అందం మీది మోజు ఒక్కటే కాదు. బోర్లా పడుకున్న శత్రువు తనకు చప్పున కనబడాలి, అంతే.

ఆటల్లో రంగు మొదట సమాచారం, ఆ తరువాతే అలంకారమని నా అభిప్రాయం. ముదురు రంగుల శైలినీ వాస్తవిక శైలినీ ఎదురెదురుగా పెట్టి చూడవలసింది కూడా ఈ దృష్టితోనే.

1985లో నింటెండో విడుదల చేసిన సూపర్ మారియో బ్రదర్స్‌ను తీసుకుందాం. ఆనాటి యంత్రంలో కదిలే బొమ్మకు ఒక్కోదానికి మూడు రంగులే దక్కేవి. ఆ మూడింటితోనే మారియో నీలాకాశం ముందు ఎర్రగా, స్పష్టంగా నిలబడ్డాడు. అందులో మబ్బుకూ పొదకూ వాడినది ఒకే బొమ్మ. తెల్లగా ఉంటే మబ్బు, పచ్చగా ఉంటే పొద. ఆడేవారికి ఆ సంగతి తట్టనే తట్టదు, ఎందుకంటే ఆ వస్తువు ఏమిటో రంగే చెప్పేస్తుంది. అంతకు ముందే, 1981 నాటి డాంకీ కాంగ్‌లో, మారియోకు జుట్టు గీయడం కష్టమని టోపీ, నోరు గీయడం కష్టమని మీసం పెట్టారు. ఇరుకులో పుట్టిన ఆ రూపాన్ని నలభై ఏళ్ళు దాటినా పిల్లలు ఇట్టే గుర్తుపడుతున్నారు.

రంగుకు ఈ పని అప్పగించడం మన ఊరికి కొత్తేమీ కాదు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి వేషానికి ఒళ్ళంతా తెల్లని నామకొమ్ము, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గుపొడి, దొర వేషానికి చందనం పూసుకుంటారు. వీధి చివర జనం మధ్య ముఖం కూడా కనబడని దూరం నుంచే వచ్చేది ఏ వేషమో చూసేవారికి తెలిసిపోతుంది. బ్రాల్ స్టార్స్ వంటి ఆటలో జరిగేదీ ఇదే. తన బొమ్మ కింద ఆకుపచ్చ వలయం, తోటివారి కింద నీలం, ఎదుటివారి కింద ఎరుపు. అరచేతంత తెర మీద ఆరుగురు ఒకేసారి పరుగెడుతున్నా ఎవరు ఎవరో వెతుక్కోనక్కరలేదు. 2007లో వాల్వ్ సంస్థ తెచ్చిన టీమ్ ఫోర్ట్రెస్ 2 ఇంకో అడుగు ముందుకు వేసి, తొమ్మిది రకాల పాత్రలకు తొమ్మిది వేర్వేరు ఆకారాలు ఇచ్చింది. ఎరుపు, నీలం అన్నవి జట్టును చెబితే, ఆకారం ఆ మనిషి చేసే పనిని చెబుతుంది.

ఇక వాస్తవిక చిత్రణ వైపు ఉన్న బలమైన వాదన కూడా బీజీఎంఐలోనే దొరుకుతుంది. ఆ ఆటలో దాక్కోవడమే ప్రాణం. ఎరాంగెల్ మైదానంలోని ఎండుగడ్డి, మట్టిదారులు, వెలిసిన గోడలు అన్నీ ఒకే ఛాయలో ఉండబట్టే మనిషి వాటిలో కలిసిపోగలడు, ఆ కలిసిపోవడం వల్లనే గుండెదడ పుడుతుంది. ఆ మైదానాన్ని మిఠాయి దుకాణంలా మారిస్తే ఆటలో ఉత్కంఠ మిగలదు. భయం గొలిపే ఆటలదీ ఇదే దారి. 2010లో వచ్చిన లింబోలో నలుపు, తెలుపు, బూడిద ఛాయలు తప్ప మరో రంగు లేదు. ఆ చీకటిలోంచి సాలెపురుగు కాలు ముందుకు చాచినప్పుడు కలిగే జంకును ఏ రంగూ ఇవ్వలేదు.

అయితే అవసరం లేనిచోట కూడా మట్టిరంగును పులుముకున్న కాలం ఒకటి గడిచింది. 2006లో గేర్స్ ఆఫ్ వార్ వచ్చిన తరువాత కొన్నేళ్ళపాటు తుపాకీ ఆటలు చాలావరకు గోధుమ, బూడిద రంగుల్లోనే కనబడ్డాయి. అంతా ఒకే ఛాయలో ఉంటే వెలుతురులోని లోపాలు కొంత కప్పబడతాయి, చూసేవారికి ‘ఇది పెద్దల ఆట’ అన్న గాంభీర్యం కూడా తోస్తుంది. ఆ గాంభీర్యం చాలా ఆటలకు అరువు తెచ్చుకున్న కోటులాగే ఉండేది.

కాలం పెట్టే పరీక్షలో ఏ శైలి నెగ్గుతుందో చూడాలంటే నింటెండో వారి ఒకే వరుసలోని రెండు జెల్డా ఆటలు చాలు. 2002లో జపానులో విడుదలైన ది విండ్ వేకర్ కార్టూను బొమ్మల తీరులో, చదునైన రంగులతో వచ్చింది. దాని తొలి దృశ్యాలు చూసి చిన్నపిల్లల బొమ్మలాట అని ఎగతాళి చేసినవారు ఎందరో. 2006లో వచ్చిన ట్వైలైట్ ప్రిన్సెస్ ఆ విమర్శకులు కోరిన వాస్తవిక ధోరణిలోనే వచ్చింది. ఇవాళ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే రెండోదానిలోని ముఖాలు, రాళ్ళు, నేల ఆనాటి యంత్రపు పరిమితులను పట్టి ఇస్తాయి. మొదటిదానిలోని సముద్రం మాత్రం ఇప్పటికీ తాజాగా ఉంది. వాస్తవాన్ని అనుకరించే బొమ్మను తరువాత వచ్చిన యంత్రం ప్రతిసారీ ఓడిస్తుంది. తన సొంత లెక్కలో గీసిన బొమ్మకు ఆ పోటీ లేదు.

2006 నాటి ఓకామి కథ కూడా ఇలాంటిదే. మొదట వాస్తవిక శైలిలో మొదలైన ఆ ఆట ప్లేస్టేషన్ 2 శక్తి చాలక జపాను సిరా చిత్రాల పద్ధతికి మళ్ళింది, ఆ కుంచెగీతలే దానికి పేరు తెచ్చాయి. మన దేశంలో పుణేకు చెందిన నోడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో తెచ్చిన ‘రాజీ’ అన్న ఆట హిమాలయ కొండసీమల పహాడీ చిత్రశైలి నుంచి స్ఫూర్తి పొందింది. పక్కనే ఉన్న శ్రీకాళహస్తిలో కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద బెల్లం, ఇనుము ఊరబెట్టిన నల్లద్రవంతో గీతలు గీసి, ఆపైన రంగులు నింపే కలంకారీవారు ఉండగా, ఆ తీరులో ఒక ఆట చూడాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

రంగుల వైపు నిలబడ్డాను గదా అని ప్లేస్టోర్‌లో మెరిసే ప్రతి ఆటనూ సమర్థించలేను. బంగారు నాణేలు, ఊదా పెట్టెలు, మెరుపులు, దడదడలాడే బటన్లు అన్నీ ఒకేసారి కేకలు వేసే తెర మీద నిజానికి ఏ రంగూ ఏదీ చెప్పదు, కొనమని తప్ప. 2012 నాటి క్యాండీ క్రష్ సాగాలో డబ్బు అడిగే గోల లేకపోలేదు కానీ, బోర్డు మాత్రం తెలివైనది. అందులోని ఆరు రంగుల మిఠాయిలకు ఆరు ఆకారాలు ఉన్నాయి. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని కంటికి కూడా ఆట నడుస్తుంది. 2015లో వచ్చిన స్ప్లాటూన్ ఆసాంతం రంగు సిరాల మీదే ఆధారపడ్డ ఆట గనుక, రంగుల గుర్తింపు కష్టమైనవారి కోసం సిరా రంగులను మార్చకుండా నిలిపి ఉంచే ఏర్పాటు దానిలో పెట్టారు. పూర్తిగా రంగునే నమ్ముకుని ఈ జాగ్రత్త తీసుకోని ఆటకు నేను మార్కులు తగ్గిస్తాను.

మిగిలినది ఆడే చోటు. కొండ మీద దర్శనానికి వెళ్ళేటప్పుడు ఫోను అప్పగించి వెళ్ళాలి గనుక, యాత్రికుల ఆటలు కిందికి దిగాక బస్సు కోసం కాచుకునే వేళల్లోనే సాగుతాయి. వేసవి మధ్యాహ్నం అలిపిరి దగ్గర ఎండలో చీకటి గదుల ఆట తెరిస్తే తెర మీద కనబడేది ఆడేవారి ముఖమే. చదునైన ముదురు రంగులు ఆ వెలుతురును కూడా కొంత తట్టుకుంటాయి. దీనికి ప్రతిగా, చుక్క చుక్కా విడిగా వెలిగే ఓలెడ్ తెరల మీద నల్లని భాగాలు కరెంటు తాగవు గనుక చీకటి ఆటలకు బ్యాటరీ కలిసివస్తుంది, ప్రకాశవంతమైన ఆటలకు ఆ సౌకర్యం లేదు.

కాబట్టి మామూలు ఫోను, చిన్న తెర, బయటి వెలుతురు, మధ్యమధ్య పది నిమిషాల తీరిక ఉన్నవారికి నేను సందేహం లేకుండా రంగుల ఆటలనే సూచిస్తాను, అదీ తక్కువ రంగులను లెక్కగా వాడినవాటినే. ఇంట్లో పెద్ద తెర, రాత్రివేళ, హెడ్‌ఫోన్లు, గంటల కొద్దీ సమయం ఉన్నవారు, దాక్కోవడమో భయపడడమో కోరుకునేవారు వాస్తవిక చిత్రణ వైపు వెళ్ళడమే సరైనది. బీజీఎంఐ విషయంలో మాత్రం పగలు కలర్‌ఫుల్, రాత్రి రియలిస్టిక్ పెట్టుకుంటే సరిపోతుంది. ర్యాంకు కోసం ఆడేవారు రాత్రి కూడా కలర్‌ఫుల్‌నే వదలరనుకోండి.