జైసల్మేర్ వెళ్తున్నారా? చౌక గది వెనక ఒంటె ఉంటుంది, జాగ్రత్త

మాఘ పౌర్ణమికి మన వైపు సముద్ర స్నానాలకు వెళ్తారు. రాజస్థాన్ ఎడారి ఊరు జైసల్మేర్‌లో ఆ రోజుల్లో మరు మహోత్సవం, అంటే ఎడారి పండగ, జరుగుతుంది. దాన్ని చూద్దామని నేనూ మా ఆవిడా వెళ్లాం. ఉత్సవం బాగుంది, ఊరు అంతకన్నా బాగుంది. చేతి చమురు వదిలింది మాత్రం గది దగ్గర.

తెల్లవారుజామున రైలు దిగేసరికి స్టేషన్ బయట హోటళ్ల పేర్లు రాసిన అట్టలు పట్టుకుని బోలెడు మంది ఉన్నారు. ఒకతను కోట లోపలే గది, రోజుకు ఐదు వందలే అన్నాడు. పండగ రోజుల్లో, కోటలో, ఐదు వందలకు! అనుమానం రావలసింది అక్కడే. రాలేదు. పైగా గది శుభ్రంగా ఉంది, టీ కూడా ఇచ్చారు.

ఆ టీ తాగుతుండగానే యజమాని ఆల్బం తెరిచాడు. సమ్ ఇసుక తిన్నెలు, ఒంటె సవారీ, సూర్యాస్తమయం, గుడారంలో బస, భోజనం, పాటలు. ఇద్దరికి ఏడు వేలు. ఆలోచించి చెబుతామనగానే ముఖం మారిపోయింది. “సఫారీ తీసుకునేవాళ్లకే గది ఐదు వందలు. లేదంటే రెండున్నర వేలు. వద్దనుకుంటే పన్నెండు లోపు ఖాళీ చేయండి.” పండగ పూట సామాను మోసుకుని ఎక్కడ వెతుకుతాం? కట్టేశాం. రసీదు అడిగితే నోటుపుస్తకంలోంచి చింపిన ముక్క మీద “ఇద్దరు, మొత్తం ముట్టింది” అని రాసిచ్చాడు.

సమ్ తిన్నెలు జైసల్మేర్‌కు 40 కిలోమీటర్ల దూరం. జీపు దింపింది రోడ్డు పక్కన. ఇరవై నిమిషాలు నడిచి ఒంటె తిన్నె అడుగున మోకాళ్ల మీద కూర్చుంది. సూర్యాస్తమయం కనిపించే పైఅంచుకు వెళ్లాలంటే ఇంకో ఆరు వందలట. ఒంటెను నడిపే కుర్రాడిని తప్పుపట్టలేను, మా ఏడు వేలలో అతని చేతికి ఎంత వెళ్లి ఉంటుంది? గుడారం జనరేటరు వెనకే. రాత్రంతా దుప్పట్లో డీజిలు వాసన. భోజనంలో పెట్టిన బాటీ (కాల్చిన గోధుమ పిండి ఉండ) చల్లారి రాయైపోయింది.

మర్నాడు యజమానితో గొడవపడ్డాను. పర్యాటక శాఖ హెల్ప్‌లైన్ 1363కి ఫోను చేస్తానన్నాక పదిహేను వందలు వెనక్కి ఇచ్చాడు. ఆ నంబరు ఫోనులో పెట్టుకోండి.

ఇంకో మాట. అసలు కోటలో దిగకపోవడమే మంచిది. 1156లో రావల్ జైసల్ కట్టించిన ఆ పసుపు రాతి కోటలో ఇప్పటికీ జనం కాపురం ఉంటున్నారు. 2013లో యునెస్కో జాబితాకెక్కింది. హోటళ్ల వాడుక నీరు కొండలోకి ఇంకి బురుజులు దెబ్బతింటున్నాయి. మేమూ అక్కడే రెండు పూటలా బకెట్ల కొద్దీ స్నానం చేశాం, ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంది. కింద ఊళ్లో దిగి, పొద్దున్నే పైకి వెళ్లండి. జైన ఆలయాలు చూడడానికి ఉదయమే అనువు. తోలు వస్తువులు లోపలికి రానివ్వరు కాబట్టి తోలు బెల్టు, తోలు పర్సు గదిలోనే వదిలి వెళ్లండి. సాయంత్రం గడీసర్ చెరువు గట్టున కూర్చోవడానికి ఎవరి ప్యాకేజీ అక్కర్లేదు.

ఎడారికి వెళ్లాలనుకుంటే సవారీ ఎంతసేపు, ఎక్కడి దాకా, గుడారం తిన్నెలకు ఎంత దూరం అన్నవి కాగితం మీద రాయించుకుని సగమే ముందు ఇవ్వండి. గది చూపించకముందే “సఫారీ ఎప్పుడు?” అని అడిగాడంటే చేతిలోని బ్యాగు కింద పెట్టకండి.