నాలుగేళ్లు వాడిన కొలత జగ్గు: మిల్లీలీటర్ల గీతలకు దండం, పేచీ అంతా కప్పు గీతతోనే

బెంగళూరు మారతహళ్లిలో కాపురం పెట్టిన కొత్తలో కొన్న గాజు జగ్గు ఇది. లీటరు పడుతుంది. ఒకవైపు మిల్లీలీటర్ల గీతలు, ఇంకోవైపు కప్పుల గీతలు. కొన్న ఏడాదే చుట్టాలందరికీ తప్పకుండా కొనుక్కోమని చెప్పాను. ఇప్పుడూ చెబుతాను, కాకపోతే కప్పుల వైపు చూడొద్దని కూడా చెబుతాను.

ఆ ఉగాదికి మా ఇంటికి ఆరుగురు భోజనానికి వస్తున్నారు. పులిహోరకి బియ్యం ఎలక్ట్రిక్ కుక్కర్‌తో వచ్చిన ప్లాస్టిక్ కప్పుతో మూడు కప్పులు కొలిచాను. నీళ్లు జగ్గుతో, కప్పుకి రెండు లెక్కన రెండు విడతల్లో ఆరు కప్పులు పోశాను. మూత తీసి చూస్తే జావకంటే కాస్త గట్టిగా ఉంది, అంతే. పళ్లెంలో ఆరబోసి, నూనె చల్లి, పసుపు వేసి చూశాను. ఒక్క మెతుకూ విడిపడలేదు. పక్కన చింతపండు గుజ్జు, పోపు సిద్ధంగా ఉన్నాయి. మళ్లీ బియ్యం కడిగి పెట్టేసరికి ఒంటిగంట. వచ్చినవాళ్లు ఉగాది పచ్చడి తిని హాల్లో కూర్చున్నారు, వంటింట్లో నాకేమో ఒకటే టెన్షన్.

సాయంత్రం అందరూ వెళ్లాక రెండు కప్పుల్నీ నీళ్లతో కొలిచాను. కుక్కర్ కప్పు నిండా పోస్తే 180 మి.లీ. అది జపాన్ వాళ్ల బియ్యం కొలత, ‘గో’ అంటారు. ఎలక్ట్రిక్ కుక్కర్లు పుట్టింది అక్కడే, వాటి వెంట ఈ కప్పూ వచ్చింది. జగ్గు మీద కప్పు అంటే 250. అంటే 540 మి.లీ. బియ్యానికి 1080 పోయాల్సిన చోట 1500 పోశాను. అమెరికా వంటకాల్లో కప్పు 240కి అటూ ఇటూ, ఆస్ట్రేలియా వాళ్లది 250. వాళ్ల టేబుల్ స్పూన్ కూడా 20 మి.లీ., చాలాచోట్ల అది 15. ఏ దేశం కప్పో చెప్పకుండా జగ్గు మీద ఉత్త ‘కప్పు’ అని అచ్చేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మిల్లీలీటర్ల వైపు మాత్రం బంగారం. అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు తన ఇత్తడి సోల తెచ్చింది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని చిన్నప్పుడు విన్నదే. సోలతో నీళ్లు జగ్గులో పోసి, వంగి గీతకి సమానంగా కన్ను పెట్టి చూస్తే (నిలబడి పైనుంచి చూస్తే లెక్క తప్పుతుంది) 230 దగ్గర ఆగింది. సోల అన్ని ఊళ్లలో ఒకలా ఉండదు, ఇది మా ఇంటి లెక్క. అప్పటినుంచి అమ్మ ఫోన్లో “సోలన్నర పాలు పొయ్యవే” అంటే 345 పోస్తున్నాను. పరమాన్నం అచ్చం అమ్మ చేసినట్టే వస్తోంది.

మూడో ఏడు పీచు రాపిడికి గీతలు చెరిగిపోయాయి. అచ్చు గీతలు కాకుండా గాజులోనే ఉబ్బెత్తుగా ఉన్నవి కొనాల్సింది. 2024 చివర్లో అరలీటరు పాల ప్యాకెట్ కత్తిరించి పోసి, 500 అని గుర్తు పెట్టుకున్నాను. ఆ రోజుల్లో నందిని ప్యాకెట్‌లో 550 ఉండేవి. 2024 జూన్‌లో ధరతో పాటు 50 మి.లీ. పెంచారు, 2025 ఏప్రిల్‌లో మళ్లీ 500కి తెచ్చారు. రెండు నెలలు ఆ తప్పు గీతనే నమ్మాను. చివరికి వంటింటి తూకం మీద జగ్గు పెట్టి, సున్నా చేసి, 500 గ్రాముల నీళ్లు పోశాను. నీళ్లకి గ్రాము అంటే మిల్లీలీటరే. అక్కడ ఎర్ర నెయిల్ పాలిష్‌తో గీత గీశాను. 250కీ, 750కీ అలాగే.

మేం ముగ్గురం, వారానికి రెండుసార్లయినా కొత్త వంట ప్రయత్నిస్తాం, అందుకే మాకు ఇది పనికొస్తోంది. రోజూ అన్నం, పప్పు మాత్రమే వండుకునేవాళ్లకి కుక్కర్ కప్పు ఒక్కటి చాలు, బియ్యమూ నీళ్లూ రెండూ దాంతోనే కొలిస్తే సరి. ఇంట్లో చిన్నపిల్లలుంటే గాజు గురించి ఇంకోసారి ఆలోచించుకోండి. నేనైతే ఇది పగిలితే స్టీలుది కొంటానేమో, లోపల మిల్లీలీటర్లు చెక్కినది దొరికితే.