జియోలైట్2 సిటీ: చాలాకాలం వాడాక తేలినవి

సైట్‌కి వచ్చినవాళ్లు ఏ దేశంవాళ్లో, ఏ ఊరివాళ్లో ఐపీని (ఇంటర్నెట్ కనెక్షన్‌కి ఉండే అంకెల చిరునామా) బట్టి చెప్పే ఉచిత డేటాబేసుల్లో మాక్స్‌మైండ్ కంపెనీ వాళ్ల జియోలైట్2 సిటీ బాగా వాడుకలో ఉన్నది. ఎంతకాలం వాడినా దీని మీద అభిప్రాయం మారలేదు: దేశం వరకు ధీమాగా వాడుకోవచ్చు, ఊరి పేరు మాత్రం అంచనాయే. ఇక "లొకేషన్ తప్పు చూపిస్తోంది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి డేటాబేస్‌తో సంబంధమే ఉండదు. దానికి మనం ఇచ్చే ఐపీయే తప్పు.

అందుకే ముందు సర్వర్ లాగ్ (ఎవరెవరు వచ్చారో రాసుకునే ఫైల్) తెరవాలి. వచ్చినవాళ్లంతా ఒకే ఊరివాళ్లుగా కనిపిస్తున్నారంటే మీరు డేటాబేస్‌లో వెతుకుతున్నది వాళ్ల ఐపీ కాదు, మీ సర్వర్‌కి ముందున్న సీడీఎన్ (పేజీల కాపీలు అందించే సర్వర్ల వల) ఐపీనో, లోడ్ బ్యాలెన్సర్ (రద్దీని సర్వర్లకు పంచేది) ఐపీనో. ఫలితమే రావట్లేదంటే 10.0.0.0/8, 192.168.0.0/16 లాంటి రేంజ్‌లలోని ప్రైవేట్ ఐపీ (లోపలి నెట్‌వర్క్‌లోనే చెల్లేది) వస్తోందేమో చూడండి. మీ వెబ్ సర్వర్ ఎంజిన్‌ఎక్స్ అయితే రియల్ ఐపీ మాడ్యూల్‌లో మీ ప్రాక్సీల (ముందుండి రిక్వెస్టులు అందించే ఆ సర్వర్ల) ఐపీ రేంజ్‌లు మాత్రమే రాసి, హెడర్‌గా ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ (రిక్వెస్ట్ దాటివచ్చిన ఐపీల వరస) పెట్టి, రికర్సివ్ ఆన్ చేయండి. అప్పుడది హెడర్‌ని కుడి నుంచి చదువుకుంటూ వచ్చి, ఆ రేంజ్‌లలో లేని మొదటి ఐపీని పట్టుకుంటుంది. కోడ్‌లో ఎడమ చివరిది తీసేసుకోవడం చాలామందికి అలవాటు. ఆ చివర ఎవరైనా ఏదైనా రాసి పంపొచ్చు.

ఐపీ సరైనదే అయితే అక్యూరసీ రేడియస్ (చుక్క చుట్టూ ఎంత దూరం వరకు తేడా ఉండొచ్చో) చూడండి. అక్షాంశ రేఖాంశాల పక్కనే కిలోమీటర్లలో ఉంటుంది, చాలా సైట్లు దాన్ని చదవనే చదవవు. 5 ఉంటే ఊరి పేరు చూపించండి. 1000 ఉంటే ఆ చుక్క పెద్ద ప్రాంతానికి నడుమ పెట్టిన గుర్తు, అంతే. అమెరికాలో ఉన్నాయని తప్ప ఇంకేమీ తెలియని ఐపీలన్నిటికీ ఇచ్చిన డిఫాల్ట్ చుక్క కాన్సస్‌లోని ఓ పొలం మీద పడి, ఆ ఐపీల ఆచూకీ వెతుక్కుంటూ సంబంధం లేని అక్కడివాళ్ల ఇంటికి పోలీసులు వెళ్లిన సంగతి 2016లో బయటపడింది. తర్వాత ఆ చుక్కని నీళ్లలోకి జరిపారు.

మొబైల్ డేటా సంగతి వేరు. ఆపరేటర్ లోపల 100.64.0.0/10 అడ్రసులు పంచి, ఎంతోమందిని ఒకే పబ్లిక్ ఐపీతో బయటికి పంపితే కనిపించేది ఆపరేటర్ గేట్‌వే (అందరూ బయటికి వెళ్లే ద్వారం) ఉన్న ఊరు. ఏ డేటాబేస్ మార్చినా ఇది పోదు. ఊరు కచ్చితంగా కావాలంటే బ్రౌజర్ లొకేషన్ అనుమతి అడగాలి, దానికి హెచ్‌టీటీపీఎస్ తప్పనిసరి.

కొత్త ఫైల్ మంగళ, శుక్రవారాల్లో వస్తుంది. దాన్ని దించుకునే జియోఐపీ-అప్‌డేట్ ప్రోగ్రామ్‌ని క్రాన్‌లో (వేళకి తనంతట తానే నడిపే ఏర్పాటు) పెట్టినా పాత ఫలితాలే వస్తుంటే, యాప్ పాత ఫైల్‌ని మెమరీలో పట్టుకుని కూర్చుందన్నమాట. రీలోడ్ చేసి, మెటాడేటాలోని బిల్డ్ తేదీ సరిచూడండి. పేజీ క్యాష్ (ఒకసారి తయారైన పేజీని దాచి అందరికీ ఇచ్చేది) కూడా ఇలాగే ఏడిపిస్తుంది: మొదట వచ్చినవాళ్ల దేశం కరెన్సీ తర్వాత అందరికీ కనిపిస్తుంది. క్యాష్ కీలో (దాచిన పేజీని గుర్తుపట్టే పేరు) దేశం కోడ్ కలిపితే సరి.

ఒకటీ అరా ఐపీలు తప్పయితే మాక్స్‌మైండ్ సవరణ ఫారం చాలు. రేంజ్ మొత్తం మీదే అయితే ఆర్ఎఫ్‌సీ 8805 అనే ఇంటర్నెట్ పత్రం ప్రకారం జియోఫీడ్ (మీ ఐపీలు ఏ ఊళ్లలో ఉన్నాయో మీరే చెప్పే జాబితా) పెట్టండి. అదో సీఎస్‌వీ ఫైల్: వరుసకో రేంజ్, దేశం కోడ్, రాష్ట్రం కోడ్, ఊరు. పిన్‌కోడ్ గడి ఖాళీగా వదిలేయండి. ఆ ఫైల్ లింకుని ఐపీలు కేటాయించే రిజిస్ట్రీలో మీ రేంజ్ రికార్డుకి జోడించాలి, లేకపోతే అది ఉన్నట్టు ఎవరికీ తెలియదు. ఒక్కో డేటాబేస్ తనకు వీలైనప్పుడు చదువుకుంటుంది కాబట్టి కొన్నాళ్లు ఒక సైట్‌లో పాత ఊరు, ఇంకోదాంట్లో కొత్త ఊరు కనిపిస్తాయి.