చెన్నైలో చూపించాల్సిన డాక్యుమెంటరీ: 'నో మోర్ టియర్స్ సిస్టర్'

శ్రీలంక ఉత్తరాన తమిళుల నగరమైన జాఫ్నాలోని యూనివర్సిటీలో అనాటమీ విభాగాధిపతి డాక్టర్ రజని తిరణగమ. 1989 సెప్టెంబరు 21న యూనివర్సిటీ నుంచి సైకిల్ మీద ఇంటికొస్తుంటే కాల్చి చంపారు. అప్పటికి ఆమెకు 35 ఏళ్లు. ఆమె మీద 2005లో కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డుకు హెలెన్ క్లొదావ్‌స్కీ తీసిన సినిమా ఇది. నిడివి 80 నిమిషాలు, వ్యాఖ్యానం శ్రీలంకలో పుట్టిన కెనడా రచయిత మైఖేల్ ఒండాట్జీ గొంతులో.

రజనిని దేవతను చెయ్యకపోవడం దీని గొప్పతనం. అక్క నిర్మల వెంట ఆమె కూడా కొంతకాలం పులులతో, అంటే ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడిన ఎల్టీటీఈతో, పనిచేసిందన్న సంగతి దాచలేదు. భర్త దయాపాల సింహళీయుడు, వామపక్షవాది. ఆ పెళ్లిలోని ప్రేమా దూరమూ రెండూ కనిపిస్తాయి. ఆ తర్వాత ఆమె శ్రీలంక సైన్యం, మన శాంతిసేన (1987లో భారత్ అక్కడికి పంపిన సైన్యం), పులులు, ఎవరు చేసిన ఘోరాన్నైనా ఒకే తీరుగా రాసిపెట్టింది. ముగ్గురు సహచరులతో కలిసి రాసిన 'ది బ్రోకెన్ పాల్మైరా' 1990లో, ఆమె పోయాక వచ్చింది. పాల్మైరా అంటే మన తాటిచెట్టే. చంపింది పులులేనని కుటుంబం అంటుంది. ఎవరికీ శిక్ష పడలేదు.

పాత దృశ్యాలు దొరకని చోట నటనతో నింపారు. తల్లి పాత్ర వేసింది కూతురు శారిక. ఆ పోలిక చూస్తుంటే గుండె పట్టేస్తుంది, కానీ చిక్కూ అక్కడే: నటించినదేదో నిజం ఫుటేజీ ఏదో తెలియని ప్రేక్షకులు ఆమెనే చూస్తున్నామనుకుంటారు. సినిమా మొదలెట్టే ముందే చెప్పెయ్యండి.

తెలుగువాళ్ల మధ్య వేస్తే ముందు ఐదు నిమిషాలు నేపథ్యానికి తీసుకోండి. 1983 జూలైలో తమిళుల మీద జరిగిన అల్లర్లు, 1987 జూలై 29 భారత్-శ్రీలంక ఒప్పందం, ఆ అక్టోబరులో జాఫ్నాలో శాంతిసేన యుద్ధం: ఈ మూడూ బోర్డు మీద రాస్తే చాలు. ఇవి తెలియకపోతే సగం మంది అరగంటలో దారి తప్పుతారు. ఇంగ్లీషు అంతగా రాని పెద్దవాళ్లకు ఒక పేజీ తెలుగు సారాంశం ఇవ్వండి. సబ్‌టైటిల్స్ వేస్తుంటే తెర కింది అంచు నేలకు నాలుగడుగుల ఎత్తున ఉండాలి, లేకపోతే ముందు వరుస తలలు అడ్డొస్తాయి.

చర్చకు కనీసం 40 నిమిషాలు ఉంచండి. చెన్నైలో ఈ విషయం చల్లారినది కాదు. 1990 మార్చిలో శాంతిసేన మద్రాసు రేవులో దిగినప్పుడు స్వాగతానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. ఆ సేనలో పనిచేసినవాళ్ల ఇళ్లు మన తెలుగువాళ్లలోనూ ఉన్నాయి. వాళ్లు నోరు విప్పితే మధ్యలో ఆపకండి.