రూబీలో డెస్క్‌టాప్ అప్లికేషన్ల కోర్సు కొనేముందు ఒక్క మాట

రూబీ అనే ప్రోగ్రామింగ్ భాషలో టీకేతో (తెర మీద కిటికీలు, బటన్లు పెట్టే లైబ్రరీ, అంటే సిద్ధంగా ఉన్న కోడు) డెస్క్‌టాప్ అప్లికేషన్లు తయారు చేయడం నేర్పుతామన్న ఆన్‌లైన్ కోర్సు ఒకటి గత నెల 2,800 రూపాయలు పోసి కొన్నాను. నాన్నగారి ఎరువుల దుకాణంలో రైతుల అప్పు పద్దులను కంప్యూటర్‌లోకి ఎక్కించాలని నా ఆశ. ఇలాంటి కోర్సు కొనబోయేవారు నాలా చిక్కుకోకూడదని ఇది రాస్తున్నాను.

మొదటి పాఠంలో "టీకే రూబీతో పాటే వస్తుంది" అన్నారు. 2016 డిసెంబరులో వచ్చిన రూబీ 2.4 నుంచే దాన్ని ప్రామాణిక లైబ్రరీలోంచి తీసేశారు. విడిగా జెమ్ (రూబీకి అదనంగా చేర్చుకునే ప్యాకేజీ) వేసుకోవాలి. పాఠాలు పాతవని నేను అప్పుడే ఆగవలసింది.

అసలు దెబ్బ పన్నెండో పాఠం తరువాత తగిలింది. నా ప్రోగ్రామును ఒక క్లాసుగా (డేటానూ దాని పనులనూ ఒకచోట కట్టే మూస) రాసి, బటన్ బ్లాకులో (బటన్‌కు అప్పగించే కోడు ముక్క) "పద్దు రాయి" అనే నా మెథడ్‌ను (పేరు పెట్టి రాసుకున్న పని) పిలిచాను. బటన్ నొక్కగానే, ఆ పేరుతో ఆప్షన్ (బటన్ అమరిక) ఏదీ లేదని ఎర్రర్. మెథడ్ నాలుగు వరుసల పైన కళ్లెదుటే ఉంది! ఇన్‌స్టాన్స్ వేరియబుల్‌లో (ఒక ఆబ్జెక్ట్ తనకోసం విలువ దాచుకునే చోటు) పెట్టుకున్న రైతు పేరు కూడా ఆ బ్లాకులో నిల్ (ఖాళీ) అయిపోతోంది. రెండు రాత్రులు అక్షర దోషాల కోసం వెతికాను.

సంగతేమిటంటే, టీకే ఆ బ్లాకును బటన్ తరఫున నడుపుతుంది. "రాము నేను వస్తానన్నాడు" అంటే ఆ "నేను" రాముడే గానీ ఆ మాట మనకు చేరవేసినవాడు కాదు కదా. బ్లాకు రాసింది నేనే అయినా, లోపల సెల్ఫ్ (కోడులో "నేను" అనే మాట) మాత్రం బటన్. అందుకే రూబీ ఆ మెథడ్‌ను బటన్‌లో వెతుకుతుంది. దొరక్కపోతే టీకే అది టెక్స్ట్ (బటన్ మీది రాత) లాంటి ఆప్షన్ కాబోలనుకుంటుంది. ఇన్‌స్టాన్స్ వేరియబుళ్లూ బటన్‌వే. లోకల్ వేరియబుళ్లు (కోడులో ఆ చోటికే పరిమితమైనవి) మాత్రం బ్లాకు వెంట లోపలికి వస్తాయి.

మరి పాఠాల్లోని ప్రోగ్రాములు ఎలా నడిచాయి? ఏ క్లాసులోనూ పెట్టకుండా ఫైల్లో నేరుగా రాసిన మెథడ్‌లు రూబీలో దాదాపు అన్నిటికీ మూలమైన ఆబ్జెక్ట్ క్లాసులో ప్రైవేట్ (వేరే ఆబ్జెక్ట్ పేరు పెట్టి పిలవలేని) మెథడ్‌లుగా చేరతాయి కనుక బటన్‌కూ అందుతాయి. వేరియబుళ్లకేమో ప్రతిచోటా డాలర్ గుర్తు తగిలించి గ్లోబల్ (ప్రోగ్రాములో ఎక్కడి నుంచైనా అందేవి) చేసేశారు. పగిలిన గోడకు సున్నం కొట్టి అమ్మినట్టే ఇది.

పరిష్కారం చిన్నదే. బ్లాకుకు ముందే సెల్ఫ్‌ను ఒక లోకల్ వేరియబుల్‌లో పెట్టుకుని, లోపల దాని మీద మెథడ్‌ను పిలవాలి; ఆ మెథడ్ ప్రైవేట్ కాకూడదు. లేదా బటన్ తయారయ్యాక బ్లాకు బయటి నుంచి కమాండ్ (నొక్కినప్పుడు చేయవలసిన పని) అందించాలి. ఐదు నిమిషాల్లో చెప్పగలిగిన ఈ విషయం నలభై పాఠాల్లో ఎక్కడా లేదు. అడిగితే, అది పై స్థాయి కోర్సులో ఉందని మరో 3,500 అడిగారు. సొంతంగా క్లాసు రాసుకుని బటన్ పెట్టిన ప్రతివారికీ ఎదురయ్యేదాన్ని పై స్థాయి అనడం అన్యాయం.

కొనేముందు ఉచిత పాఠం తెరిచి, కోడు నిండా డాలర్ గుర్తులున్నాయేమో చూడండి. క్లాసు లోపల బటన్ పెట్టిన ప్రోగ్రాము ఒక్కటైనా ఉందా అని, బటన్ బ్లాకులో సెల్ఫ్ ఎవరని అమ్మేవారిని రాతపూర్వకంగా అడగండి. ఇప్పటికే కొన్నవారు, వాపసు గడువు దాటకముందే, వరుసగా చూడకుండా ముందు చివరి పాఠం తెరవండి. డబ్బు వాపసుకు నాకిచ్చిన గడువు ఏడు రోజులు. పన్నెండో పాఠానికి చేరేసరికి నాకు మూడు వారాలు పట్టింది.