చేపలు తాజా, ఆర్డర్ ఫారం మాత్రం మార్చాలి

మూడు స్టార్లు ఇస్తున్నాను. చేపకైతే ఐదూ ఇచ్చేదాన్ని.

మేముండేది విశాఖ ఎంవీపీ కాలనీలో. ఆదివారం పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లడం కుదరక ఈ సైట్‌లోనే తెప్పించుకుంటున్నాం. వంజరం ముక్కలు ఒకే మందంలో కోస్తారు, ఐసు కరగకముందే గుమ్మంలోకి తెస్తారు. చందువా అయితే ఇంటికొచ్చాక మళ్లీ బాగుచేసుకోవాల్సిన పనే ఉండదు.

ఇబ్బందల్లా ఆర్డర్ పేజీతోనే. పోయిన వారం విజయనగరం నుంచి అమ్మ వచ్చింది. తన ఫోన్లోనే కిలో వంజరం, అరకిలో రొయ్యలు ఎంచుకుంది. నంబరు, అడ్రసు కొట్టి, చివరి గడిలో "రైతుబజారు వెనక వీధి" అని రాసి కీబోర్డు మీది బాణం నొక్కింది. బుట్ట ఖాళీ! మళ్లీ మొదటి నుంచి కొట్టింది, మళ్లీ ఖాళీ. "నాకివి చేతకావే, నువ్వే చూడు" అని ఫోన్ నా చేతిలో పెట్టేసింది. ఆ మాటకు నాకు చాలా బాధేసింది. తప్పు అమ్మది కానే కాదు.

నేను ఋషికొండలో వెబ్ డెవలపర్‌ని, రోజూ ఫారాలతోనే పని. ల్యాప్‌టాప్‌లో ఆ పేజీ కోడ్ తెరిచి చూశాను. ఒకే ఫారంలో మూడు సబ్మిట్ బటన్లు, అంటే నొక్కితే ఫారాన్ని సర్వర్‌కి పంపేవి. పైన చిన్నగా "బుట్ట ఖాళీ చేయి", తర్వాత "కూపన్", అడుగున పెద్ద ఆకుపచ్చ "ఆర్డర్ పెట్టు". గడిలో ఉండగా ఎంటర్ కొడితే బ్రౌజరు బటన్ రంగూ సైజూ చూడదు, కోడ్‌లో ముందు ఏ సబ్మిట్ బటన్ ఉంటే దాన్నే నొక్కినట్టు లెక్క. ఫోన్లో ఆ బాణమూ అదే పని చేసింది.

ఖాళీ చేసే బటన్‌కి టైపు, అంటే అది ఏ రకం బటనో కోడ్‌లో చెప్పే మాట, అసలు రాయలేదు. రాయకపోతే ఫారంలోని బటన్ సబ్మిట్ అయిపోతుంది. దానికి టైపు 'బటన్' అని పెట్టి స్క్రిప్టుతో నడిపితే చాలు. కూపన్‌నీ అలాగే మార్చాలి, లేకపోతే ఎంటర్ ఈసారి దాని మీద పడుతుంది. రెండుసార్లు ఆర్డర్ పడకుండా ఆకుపచ్చ బటన్‌ని డిసేబుల్ చేయాలనుకుంటే, అంటే మళ్లీ నొక్కడానికి వీల్లేకుండా ఆపాలనుకుంటే మాత్రం జాగ్రత్త. ఫారం వెళ్లేలోపే డిసేబుల్ చేస్తే ఆ బటన్ పేరు సర్వర్‌కి అందదు, ఏది నొక్కారో వాళ్లకే తెలియదు.

ఇదంతా వాళ్లకి మెయిల్ కూడా పెట్టాను. సంక్రాంతికి అమ్మ మళ్లీ వస్తుంది. ఈలోగా సరిచేస్తే ఆర్డర్ తన చేతే పెట్టించి, ఆ రెండు స్టార్లూ కలుపుతాను.